ఎవరి తాలూకా మనిషి

గౌరి మా దుకాణంలో ఆరేళ్లు పనిచేసింది. ఆ ఆరేళ్లలో ఆ పిల్ల నోట "తెలీదు" అన్న మాట నేను వినలేదు. ఏం అడిగినా "సూసి సెప్తాను బాబూ" అనేది, నిజంగానే చూసి చెప్పేది. దాని గురించి నాలుగు మాటలు రాయాలని ఏడాదిగా అనుకుంటున్నాను. అనుకోవడం వేరు, కలం పట్టుకోవడం వేరు. కోమటివాడి చేతికి కలం వస్తే సరుకుల జాబితా తప్ప మరేం రాస్తాడని మా ఆవిడ వెక్కిరిస్తుంది. వెక్కిరించనీ.

నా పేరు కాశీవిశ్వనాథం. భోగాపురం జంక్షన్‌కి కాస్త ఇవతల మా దుకాణం. వలలు, నైలాను తాళ్లు, బెండ్లు, సీసపు గుళ్లు, బోటు ఇంజన్లకి కావలసిన ఆయిలు, ఇవీ మేం అమ్మేవి. మా తాత పెట్టిన దుకాణం. మేం చేప ముట్టం గానీ, చేపలు పట్టేవాళ్ల వల్లే మూడు తరాలుగా అన్నం తింటున్నాం. ఇప్పుడు ఎయిర్‌పోర్టు పేరు చెప్పి జంక్షన్ అంతా అద్దాల షాపులు లేచాయి. మా దుకాణం మాత్రం ఇంకా తారు వాసనే వేస్తుంది, అలాగే ఉండాలని నా పంతం.

మా దుకాణంలో ఒక పద్ధతి ఉంది. మెట్టెక్కిన మనిషిని ముందుగా అడిగేది "ఏం కావాలి" అని కాదు, "ఎవరి తాలూకా?" అని. "గంగులు తాలూకా" అంటే చాలు, తాడు చుట్ట భుజాన వేసుకుని వెళ్లిపోవచ్చు. కాగితం లేదు, సంతకం లేదు. మా తాత కాలం నుంచి అంతే. మాకు తెలిసిన జాలరి పాలేలు నాలుగో అయిదో, ఒకడి పేరు చెప్పి ఇంకొకడు సరుకు పట్టుకుపోతే మర్నాటికల్లా తీరమంతా గుప్పుమంటుంది. అందుకని ఎవడూ అబద్ధం చెప్పడు. ఇది మా గొప్ప అనుకునేవాణ్ణి. పెళ్లిళ్లలో పేరంటాల్లో పదిమందికీ చెప్పుకునేవాణ్ణి కూడా.

గౌరి తల్లి తవిటమ్మ. నెత్తిన గంపతో ఈ రోడ్డు వెంట చేపలమ్ముతూ ముప్ఫై ఏళ్లుగా నాకు తెలుసు. భర్త లేడు. కొడుకు వినోద్ సముద్రం మీదికి వెళ్తాడు, కూతురు గౌరి విజయనగరంలో కంప్యూటర్ల డిగ్రీ చదివింది. చదువయ్యాక ఆ పిల్లని తీసుకొచ్చి మా మెట్ల మీద నిలబెట్టి, దీనికి సముద్రం పడదు, మీ దగ్గర లెక్కలు కూడితే కూడనీ అంది. అలా చేరింది గౌరి. ఆరు నెలల్లో నా సరుకంతా కంప్యూటర్లోకి ఎక్కించింది. ఏ సైజు గాలం ఏ అరలో ఉందో నాకంటే దానికే బాగా తెలిసేది. నేను అరిస్తే తలవంచుకునేది కాదు, ఎదురు చెప్పేది కాదు. నా అరుపు అయ్యేదాకా ఆగి, మళ్లీ మొదటి మాట దగ్గరి నుంచి తన సంగతి చెప్పేది. నాకు అదే ఒళ్లు మండేది, అదే నచ్చేది కూడా.

మైకు సంగతికి వస్తాను. వాళ్ల పాలెంలో తుఫాను షెల్టర్ ఉంది. దాని మీద నాలుగు మైకులు. వాతావరణం వాళ్ల హెచ్చరిక ఫోన్లో వస్తే గంగులు వెళ్లి మైకులో చెప్పేవాడు. గంగులు పాలెం చాటింపు మనిషి, డెబ్బై దాటినవాడు. వాడిదొక చాదస్తం. ఫోన్లో కబురు రాగానే చాటడు. ఆ ఫోను పెట్టేసి, తన దగ్గర రాసిపెట్టుకున్న నంబరుకి తనే మళ్లీ చేసి, "బాబూ, ఇందాక నాకు సెప్పింది నువ్వేనా?" అని అడిగి, అవునంటేనే మైకు దగ్గరికి నడిచేవాడు. కుర్రకారంతా నవ్వేవాళ్లు. నేనూ నవ్వాను. ఒక ఏడు గంగులు శ్రీకూర్మంలో మనవరాలి పెళ్లికి వెళ్లిన రోజే గాలివాన హెచ్చరిక వచ్చింది. చాటే మనిషి లేడు. మనుషులు బతికి బయటపడ్డారు గానీ ఏడు బోట్ల వలలు పోయాయి. అప్పుడు గౌరి అంది, మనిషి ఉన్నా లేకపోయినా పలికేలా నేను చేస్తానని.

పాలెంలో ముందు ఎవరూ పట్టించుకోలేదు. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదంటారు కదా. నాకు మాత్రం పట్టుదల వచ్చింది. కంప్యూటరు, దానికి తగిన సరంజామా నేనే కొనిచ్చాను. ఊరికే కాదు. ప్రతి హెచ్చరికకి ముందు మైకు మా దుకాణం పేరు పలకాలని షరతు పెట్టాను. గౌరి అలాగే పలికించింది. తుఫాను వస్తోందన్నా సరే, ముందు కాశీవిశ్వనాథం గారి సౌజన్యంతో అనే పలికేది. ఇప్పుడు తలచుకుంటే సిగ్గేస్తుంది.

అది ఎలా పనిచేస్తుందో నాకు అర్థమయ్యేలా చెప్పింది. హెచ్చరికలు పంపే కేంద్రం ఒకటి ఉంది. మనం మాటిమాటికీ వెళ్లి కబురుందా అని అడగక్కర్లేదు. కబురు ఉన్నప్పుడు వాళ్లే వచ్చి మన తలుపు తడతారు, దాన్ని వెబ్‌హుక్ అంటారట. మన తలుపు బయట ప్రాక్సీ అని ఒక గుమస్తా ఉంటాడు. వచ్చిన ప్రతి కబురు మీదా అది ఏ చోటి నుంచి వచ్చిందో ఒక చీటీ అంటించి లోపలికి పంపుతాడు. లోపల తను రాసిన ప్రోగ్రాము ఆ చీటీ చూసి, కేంద్రం చిరునామా ఉంటే మైకు పలికిస్తుంది, లేకపోతే పారేస్తుంది.

"మరింకేం," అన్నాను నేను.

గౌరి ఇంకో మాట అడిగింది. కేంద్రం వాళ్లు ప్రతి కబురుకీ ఒక ముద్ర కూడా వేస్తారట. ఆ ముద్ర వాళ్లకీ మనకీ మాత్రమే తెలిసిన రహస్య పదంతో వేస్తారు, ఇంకెవరూ వెయ్యలేరు. దాన్ని సరిచూసే ఏర్పాటు చెయ్యడానికి ఇంకో వారం పడుతుంది. అక్టోబరు దగ్గరికొచ్చేసింది, పాలెం వాళ్లు తొందరపెడుతున్నారు. పేరు చూసి నమ్మితే చాలా, ముద్ర కూడా చూడాలా?

నేను నవ్వాను. "మా దుకాణంలో అరవై ఏళ్లుగా ముద్ర చూశామా? ఎవరి తాలూకా అని అడిగాం, సరుకిచ్చాం. ఒక్కడైనా మోసం చేశాడా? మొదలుపెట్టు."

మొదలుపెట్టింది. రెండేళ్లు ఆ మైకు పొల్లుపోకుండా పలికింది. తక్కిన పాలేల వాళ్లు కూడా వచ్చి చూసిపోయారు. గంగులు మాత్రం మైకు పలికినప్పుడల్లా తన పాత ఫోను తీసి, అడగడానికి మనిషి లేక మళ్లీ జేబులో పెట్టుకునేవాడట.

పోయిన ఏడు అక్టోబరులో రెండు రోజులుగా హెచ్చరిక ఉంది. బోట్లన్నీ ఒడ్డు మీదికి లాగేశారు. మూడో రోజు పొద్దున్న ఎండ కాసింది. పది గంటలప్పుడు పాలెంలో మైకు పలికింది. హెచ్చరిక ఉపసంహరించారు, వేటకి వెళ్లవచ్చు అని. ముందు నా పేరు, తర్వాత ఆ మాట. గంగులు ఒడ్డున నిలబడి, అడిగి సూడండర్రా, ఈ గాలి నాకు నచ్చలేదని చెప్పాడట. రెండు రోజులు పస్తున్న వాళ్లు ఎండ చూశాక వింటారా?

వినోద్ మాత్రం విన్నాడు. అతను నిదానస్తుడు. చెల్లెలికి ఫోను చేశాడు. ఆ సమయానికి గౌరి నా పక్కనే ఉంది, నేను సీసపు గుళ్లు తూస్తున్నాను.

"ఒసే గౌరీ, మైకు సెప్పింది నిజవేనా? గంగులు తాత వద్దంతన్నాడు."

"సూసి సెప్తాను అన్నియ్యా," అంది. చూసింది. తన ఫోన్లో ఆ కబురు తెరిచి, చీటీ చదివింది. నా కళ్ల ముందే చదివింది. "కేంద్రం తాలూకా కబురే. నిజవే."

నేను ఊరుకోవచ్చు కదా. మన మైకు ఎప్పుడైనా తప్పు చెప్పిందా అని అడగమన్నాను, ఫోన్లో వినబడేలా. వినోద్ నవ్వడం నాకూ వినిపించింది.

మూడు బోట్లు వెళ్లాయి. మధ్యాహ్నం రెండు దాటేసరికి గాలికి మా దుకాణం ముందు రేకుల పందిరి లేచి పడింది. గౌరి అప్పటికే పాలెం వైపు పరిగెత్తింది, చెప్పులు మా మెట్ల దగ్గరే వదిలేసి. రెండు బోట్లు ఎక్కడో దూరంగా కొట్టుకుపోయి ఒడ్డెక్కాయి. వినోద్ బోటు పాలెం ఎదురుగానే, అందరూ చూస్తుండగానే, ఒడ్డు అలల్లో తిరగబడింది. బోట్లో ముగ్గురు. ఇద్దరు బెండ్లు పట్టుకుని ఈదుకొచ్చారు. వినోద్ మూడో రోజు దక్షిణంగా రెండు ఊళ్ల అవతల తేలాడు. నేను వెళ్లాను. తవిటమ్మ ఏడవలేదు. కొడుకు పాదాలకి అంటిన ఇసుకని కొంగుతో తుడుస్తూ కూర్చుంది. తుడిచిన చోటే మళ్లీ మళ్లీ తుడిచింది. నాకు అక్కడ నిలబడ్డం చేతకాలేదు.

కర్మకాండ అయిన మర్నాడు గౌరి దుకాణానికి వచ్చింది. మనిషి సగం అయిపోయింది. కంప్యూటర్ తెరిచి నన్ను పిలిచి చూపించింది. ఆ రోజు కబురు మీద ఒక చీటీ కాదు, రెండున్నాయి. పైన ఉన్న దాని మీద కేంద్రం చిరునామా. కింద ఉన్న దాని మీద ఏ దేశంలోదో ఒక అద్దె కంప్యూటర్ చిరునామా. గుమస్తా అంటించింది కింది చీటీ. పై చీటీ ఆ వచ్చినవాడు తనే రాసుకుని తనే అంటించుకుని వచ్చాడు. గుమస్తా దాన్ని పీకెయ్యలేదు, దాని కిందే తనది అంటించాడు. గౌరి రాసిన ప్రోగ్రాము పైదే చదివింది, ఆ రోజు తన ఫోన్లో చూపించిందీ దాన్నే. కబురు కూడా కిందటి నెలలో కేంద్రం అందరికీ నిజంగా పంపిన పాతదే, తేదీ మార్చి పంపాడు. ముద్ర మాత్రం లేదు. ముద్ర చూసి ఉంటే అప్పుడే బయటపడేది.

"ఆడి నోటితో ఆడు సెప్పుకున్న పేరు నమ్మేసినాను బాబూ," అంది. "మీ దుకాణంలో అడిగినట్టే అడిగినాను. ఇక్కడంటే అందరూ తెలిసినోళ్లు. అక్కడ పెపంచకం అంతా తలుపు ముందరే నిలబడి ఉంటాది. ఆ మాట నాకు తట్టలేదు."

ఎవడు వాడు, ఎందుకు పంపాడు అని అడిగాను. అది ఇప్పటికీ తెలియదు. ఊరికే తాళాలు లాగి చూసేవాళ్లుంటారట, ఏ తలుపు తెరుచుకుంటుందోనని. వాడికి మా పాలెం అనేది ఒకటుందని కూడా తెలిసి ఉండదు. నాకు అన్నిటికంటే అదే మింగుడు పడదు. పగవాడు చేశాడంటే తిట్టుకోవచ్చు.

ఆ రోజు నేను చెప్పిందేమిటో దాచకుండా రాస్తాను. ఎవరికీ చెప్పకు, చప్పుడు కాకుండా సరిచేసెయ్ అన్నాను. పాలెం అంతా వాతావరణం వాళ్లనే తిడుతోంది, తిట్టనీ అన్నాను. ఆ మైకు ముందుగా పలికేది నా పేరే, అది నా మనసులో ఉంది. గౌరి కంప్యూటర్ వైపు తిరిగింది. సాయంత్రానికల్లా ముద్ర చూసే ఏర్పాటు పెట్టింది. బయటివాడు అంటించుకొచ్చిన చీటీ ఏదైనా గుమస్తా ముందే చింపేసేలా చేసింది. వారం పడుతుందన్న పని ఒక్క పూటలో అయిపోయింది. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు.

తర్వాతి వారం విచారణ అధికారి పాలెం వస్తున్నాడని తెలిసింది. హెచ్చరిక అమల్లో ఉన్నా లెక్కచెయ్యకుండా వేటకి వెళ్లి మరణించాడని వినోద్ గురించి ముందే రాసేశారట, పాలెం వాళ్ల మాట వినడానికి మాత్రం ఈ సమావేశం. తుఫాను షెల్టర్ కింద కూర్చున్నారంతా. నాకు పెద్దమనిషినని అధికారి పక్కన ప్లాస్టిక్ కుర్చీ వేశారు.

మైకు చెప్పిందని పాలెం వాళ్లన్నారు. మా కేంద్రం అలాంటి కబురే పంపలేదని అధికారి కాగితాలు చూపించాడు. మీరు అబద్ధమంటే మీరు అబద్ధమని మాట మాట పెరిగింది. వినోద్ మొండితనంతో వెళ్లాడని అధికారి అనగానే, వెనక ఆడవాళ్లలోంచి గౌరి లేచింది.

"మా అన్నియ్య మొండోడు కాదండి. ఈళ్లు సెప్పిందీ నిజవే, మీరు సెప్పిందీ నిజవే. కబురు వచ్చినాది, మీరు పంపలేదు. మీ పేరు సెప్పుకుని ఎవుడో పంపినాడు. పేరు సూసి లోపలికి రానిచ్చింది నా ప్రోగ్రాము. మా అన్నియ్య నాకు ఫోన్ సేసి అడిగినాడు కూడా. నిజవేనని నానే సెప్పినాను."

వినోద్ భార్య యమున ఒక్కతే, కూర్చున్న చోటి నుంచే అడిగింది.

"మీ అన్న అడిగినపుడు నువ్వు సూసే సెప్పినావా, సూడకుండా సెప్పినావా?"

"సూసే సెప్పినాను వదినా."

యమున తలూపింది. తవిటమ్మ లేచి, ఎవరి వైపూ చూడకుండా ఇంటి దారి పట్టింది. గౌరి తల్లి వెళ్లిన వైపే చూస్తూ నిలబడింది. అధికారి చెడ్డవాడు కాదు. కాగితాలు పక్కన పెట్టి మెల్లిగా అడిగాడు, చదువుకున్నదానివి, కేంద్రం వాళ్లు ముద్ర ఇస్తుంటే చూడకుండా పేరు చూస్తే చాలని నీకు ఎవరు చెప్పారమ్మా అని.

గౌరి నా వైపు తిరగలేదు. తిరిగితే అందరూ తిరుగుతారని దానికి తెలుసు.

"ఎవులూ సెప్పలేదండి," అంది. "నా బుద్ధే."

నేను తేలు కుట్టిన దొంగలా కుర్చీలో కూర్చున్నాను. లేవాలనుకున్నాను. కుర్చీ చేతుల మీద చేతులు కూడా ఆన్చాను. ఈలోగా అధికారి అది రాసుకోవడం, గంగులు ఏదో అడగడం, జనం లేవడం జరిగిపోయాయి. ఎవరో నాకు మజ్జిగ తెచ్చి ఇచ్చారు. తాగాను.

వినోద్ పేరు మీద రాసింది అధికారి కొట్టేశాడు. అంతవరకు గౌరి అనుకున్నది అయింది. పాలెం వాళ్లు దాన్ని ఒక్క మాట అనలేదు, వెలివెయ్యలేదు. కంప్యూటరు మాత్రం తీసి అటక మీద పెట్టించి, మైకు మళ్లీ గంగులు చేతికిచ్చారు. గౌరి ముద్ర సంగతి చెప్పబోతే, ఇప్పుడెందుకులే అమ్మా అని తప్పుకున్నారు. తవిటమ్మ అదే ఇంట్లో కూతురికి అన్నం పెడుతుంది, కంచం దగ్గరికి తోస్తుంది, మాట్లాడదు.

రెండు నెలల తర్వాత గౌరి దుకాణం తాళాలు ఇచ్చెయ్యడానికి వచ్చింది. శ్రీకాకుళంలో ఏదో చిన్న కంపెనీలో పని దొరికిందని చెప్పింది. నెల నెలా తల్లి దగ్గరికి వస్తుందట. ఎప్పటికీ రావొద్దని తల్లి అనలేదు కదా అంది.

ఆ రెండు నెలలూ నాకు నిద్ర సరిగ్గా లేదు. గల్లాపెట్టె దగ్గర లేచి నిలబడి, రేపు పాలెం వస్తానన్నాను. తవిటమ్మకీ యమునకీ ఎదుటే చెప్తానన్నాను. గౌరి అడిగితే పేరు చూస్తే చాలన్నది నేనే, ముద్ర అక్కర్లేదని నవ్వింది నేనే అని. చెప్పేశాక నాకు ఎంతో తేలికగా అనిపించింది, ఆ పని అప్పుడే అయిపోయినట్టు.

గౌరి తాళాలు బల్ల మీద పెట్టింది.

"వద్దు బాబూ. ఆ రోజు అందరి ముందర ఎవులూ సెప్పలేదని సెప్పినాను. ఇపుడు మీరొచ్చి మరోలాగ సెప్తే, నాను అబద్ధం ఆడినట్టే కదా. మా అమ్మ నాతో మాటాడ్డం లేదు గానీ, నాను నిజం సెప్పినానని నమ్ముతన్నాది. అదొక్కటీ నాకు ఉన్నాది. దాన్ని ముట్టుకోకండి."

నేను తాళాలు తీసుకున్నాను. ఆ తర్వాత పాలెం వైపు వెళ్లలేదు. ఇప్పుడిది రాశానంటే, తవిటమ్మకి చదువు రాదన్న ధైర్యంతోనే.